యాన్బు రేవులో పేరు మార్చుకున్న ఓడ, పేరు మార్చుకున్న మనిషి

యాన్బు పేరు మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు. దుబాయ్, దోహా, జెడ్డా అంటే మనవాళ్ళు అందరికీ తెలుసు. యాన్బు అంటే మాత్రం "అదెక్కడ బాబూ?" అని అడిగేవారే ఎక్కువ. జెడ్డాకి ఉత్తరాన, ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 1975 తర్వాత సౌదీ ప్రభుత్వం దాని పక్కనే పెద్ద పారిశ్రామిక నగరం కట్టింది. అమెరికా రాకముందు, 2007 నుంచి ఐదేళ్ళు, అక్కడి ఒక ప్లాంటులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేశాను.

వెళ్ళిన మొదటి వారమే నా పేరు పోయింది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కదా. అక్కడి కంప్యూటర్‌లో ఎవరో ఇంటిపేరునే అసలు పేరుగా ఎక్కించారు. ఆ ఐదేళ్ళూ బ్యాడ్జీ మీదా, జీతం చీటీ మీదా, అందరి నోటా అదే. మా నాన్నగారినీ తాతగారినీ కలిపి పిలుస్తున్నట్టుండేది. సరిచేయమని రెండుసార్లు అర్జీ పెట్టి ఊరుకున్నాను.

శుక్రవారాలు పాత ఊరికి వెళ్ళేవాళ్ళం. రేవు దగ్గర పగడపు రాతితో కట్టిన పాత ఇళ్ళు, చెక్క కిటికీలు, సగం కూలిన గోడలు. వాటిలో ఒకటి లారెన్స్ ఇల్లని స్థానికులు చూపించేవారు. అప్పటికి కప్పు లేదు, లోపల పిల్లులు తిరిగేవి. 2020 నాటికి దానికి మరమ్మతులు మొదలయ్యాయి. "లారెన్స్ ఆఫ్ అరేబియా" సినిమా చూసినవాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటాడు. నేనూ అంతవరకే ఎరుగుదును. ఆ ఇల్లు చూశాక ఆయన గురించి దొరికినదల్లా చదివాను. అలా చదువుతుంటే ఒక ఓడ కూడా కనిపించింది. ఆ రెండు కథలూ కలిపి మీకు చెబుదామని ఈ ప్రయత్నం.

థామస్ ఎడ్వర్డ్ లారెన్స్ 1888 ఆగస్టు 16న వేల్స్‌లోని ట్రెమడాగ్‌లో పుట్టాడు. తండ్రి ఐర్లండులో భూస్వామి, అసలు ఇంటిపేరు చాప్‌మన్. ఆయన భార్యనీ పిల్లల్నీ వదిలి వేరొక స్త్రీతో వచ్చేసి, ఆ సంగతి బయటపడకుండా లారెన్స్ అనే పేరు పెట్టుకుని బతికాడు. అంటే లోకమంతా ఎరిగిన ఆ ఇంటిపేరు పుట్టుకతో వచ్చింది కాదు, అవసరానికి తగిలించుకున్నది. కుర్రవాడికి ఈ సంగతి త్వరగానే తెలిసింది. జీవితాంతం అది ఆయన్ని వదల్లేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివాడు. 1909లో సిరియా అంతా కాలినడకన తిరిగి పాత కోటలు చూసి వచ్చాడు. 1911 నుంచి 1914 దాకా యూఫ్రటీస్ ఒడ్డున కార్కెమిష్ తవ్వకాల్లో పనిచేశాడు. కూలీలతో కలిసిమెలిసి తిరిగి అరబ్బీ నేర్చుకున్నాడు. యుద్ధం రాగానే కైరోలో గూఢచారి విభాగంలో మ్యాపుల పనిలో కూర్చోబెట్టారు. 1915లో ఇద్దరు తమ్ముళ్ళు యుద్ధంలో పోయారు. తాను మాత్రం క్షేమంగా కుర్చీలో కూర్చున్నానన్న బాధ ఆయన్ని తొలిచేది.

ఇక ఓడ సంగతి. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో హన్సా అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ ఉండేది. దాని ఓడలు మన దేశానికి కూడా సరుకులు తెచ్చేవి. అన్నిటి పేర్లూ "ఫెల్స్" తో ముగిసేవి. ఫెల్స్ అంటే జర్మన్ భాషలో బండరాయి. వాటిలో ఒకటి రాబెన్‌ఫెల్స్, అంటే కాకిబండ అనుకోండి. 1914లో యుద్ధం మొదలైనప్పుడు సూయజ్ కాలువ మొగలో పోర్ట్ సయీద్‌లో అది బ్రిటిష్ వారికి చిక్కింది. ఆనె రిక్‌మెర్స్ అనే మరో జర్మన్ సరుకుల ఓడ కూడా అక్కడే దొరికింది.

శత్రువుల వర్తక నౌక దొరికితే పట్టుకున్నవాడిదే అనుకుంటాం. అలా కాదు. దానికి ప్రైజ్ కోర్టు అని ప్రత్యేక న్యాయస్థానం ఉంటుంది. ఓడ ఎవరిది, ఏ జెండా కింద తిరుగుతోంది, పట్టుకోవడం చట్టబద్ధమేనా అన్నది జడ్జి తేల్చాలి. తేలాక ప్రభుత్వం అమ్ముకోవచ్చు, వాడుకోవచ్చు. యుద్ధంలో ఓడలకి ఎప్పుడూ కరువే కాబట్టి చాలావాటిని బ్రిటిష్ ప్రభుత్వం తనే ఉంచుకుంది. కానీ గుమాస్తాలు ఓడలు నడపలేరు కదా! అందుకని వాటిని ప్రైవేటు షిప్పింగ్ కంపెనీలకి అప్పగించేవారు. సిబ్బందిని పెట్టడం, బొగ్గూ తిండీ సరఫరా చేయడం, లెక్కలు చూపడం కంపెనీ పని. యాజమాన్యం మాత్రం సర్కారుది. 1916 డిసెంబరులో ఈ పెత్తనం చూడటానికి షిప్పింగ్ కంట్రోలర్ అనే పదవే పెట్టి జోసెఫ్ మెక్లే అనే గ్లాస్గో ఓడల యజమానిని నియమించారు.

పట్టుకున్న ఓడకి మొదట చేసే పని పేరు మార్చడం. డెర్ఫ్లింగర్ హంట్స్‌గ్రీన్ అయింది, లుట్సో హంట్స్ఎండ్ అయింది. ఆనె రిక్‌మెర్స్ ఉత్త ఆన్ అయింది. మన రాబెన్‌ఫెల్స్ రావెన్ 2 అయింది. ఈ చివరి రెండిటికీ చిత్రమైన ఉద్యోగం వేశారు. నీటి మీద దిగే విమానాలని మోసుకెళ్ళడం. మొదట్లో ఓడ జర్మన్‌ది, విమానాలూ పైలట్లూ ఫ్రెంచివారు, పక్కన కూర్చుని కింద చూసి రాసుకునేవాడు బ్రిటిష్ అధికారి. 1915 మధ్య దాకా వాటిని నౌకాదళంలో అధికారికంగా చేర్చుకోనే లేదు. ఉద్యోగం చేస్తున్నా కాగితాలు లేవన్నమాట. గల్ఫ్‌లో పనిచేసినవారికి ఈ పరిస్థితి వేరే వివరించక్కర్లేదు!

1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుస్సేన్ తుర్కుల మీద తిరగబడ్డాడు. అక్టోబరులో లారెన్స్ జెడ్డాలో దిగి, లోపలికి ఒంటెల మీద వెళ్ళి షరీఫ్ మూడో కొడుకు ఫైసల్‌ని కలిశాడు. ఈ తిరుగుబాటుకి నాయకుడు ఇతనే అని తేల్చుకున్నాడు. తిరిగి వచ్చి ఓడ ఎక్కింది యాన్బులోనే. డిసెంబరులో మళ్ళీ వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. తుర్కులు ఫైసల్ మనుషుల్ని చెదరగొట్టి యాన్బు మీదకి వస్తున్నారు. ఊరి గోడలు నమ్మదగ్గవి కావు. వెనక సముద్రం, ముందు మైదానం.

అప్పుడు కెప్టెన్ బాయిల్ అనే నౌకాదళ అధికారి గబగబా ఐదు ఓడల్ని రేవులోకి చేర్చాడు. వాటిలో సువా ఉంది, ఎం.31 అనే ఫిరంగి ఓడ ఉంది, విమానాలతో రావెన్ 2 ఉంది. డఫరిన్ కూడా ఉంది. అది రాయల్ ఇండియన్ మెరీన్‌ది, మన దేశపు ఓడ. 1927 నుంచి ఆ డఫరినే బొంబాయిలో శిక్షణ నౌక అయ్యి ఎందరో భారతీయ నావికాధికారులని తయారు చేసింది.

డిసెంబరు 11 రాత్రి తుర్కులు ఊరి దాకా వచ్చారు. ఊళ్ళో జనమంతా మేలుకొని చప్పుడు లేకుండా కూర్చున్నారు. రేవులోని ఓడలు మాత్రం సెర్చిలైట్లు వేసి చీకటి మైదానాన్ని అటూ ఇటూ తుడుస్తున్నాయి. ఒక్క గుండు పేలలేదు. ఆ వెలుగుని దాటి రావడానికి ధైర్యం చాలక తుర్కులు వెనుదిరిగారు. లారెన్స్ ఆ రాత్రి సువాలో పడుకుని నిద్రపోయాడు. తుర్కులు యుద్ధం ఓడిపోయింది ఆ రాత్రే అని తర్వాత ఆయన అభిప్రాయపడ్డాడు. నేను కూలిన ఆ ఇంటి ముందు నిలబడి రేవు వైపు చూసినప్పుడల్లా ఆ వెలుగే ఊహించుకునేవాణ్ణి.

తర్వాతది సినిమాలో చూసినదే. 1917 జనవరిలో అల్ వజ్ పడింది, అక్కడ ఆన్ ఓడ విమానాలు సాయపడ్డాయి. జులై 6న అఖబా, 1918 అక్టోబరు 1న డమాస్కస్. సినిమాలో అంతగా కనిపించనిది లారెన్స్ లోపలి గొడవ. గెలిస్తే స్వతంత్ర రాజ్యం అని అరబ్బులు నమ్మి పోరాడుతున్నారు. కానీ 1916 మేలోనే బ్రిటన్, ఫ్రాన్స్ ఆ దేశాలని రహస్యంగా పంచుకున్నాయి. ఆ సంగతి తెలిసి కూడా ఆయన వాళ్ళని ముందుకు నడిపించాడు. నమ్మిన మనుషులు ఒకవైపు, జీతమిచ్చే దొర మరోవైపు. యుద్ధం చివర్లో రాజుగారు స్వయంగా బిరుదులు ఇవ్వబోతే వద్దని వచ్చేశాడు. 1919లో పారిస్ సమావేశంలో ఫైసల్ పక్కన అరబ్ దుస్తుల్లో తిరిగి వాదించాడు, ఫలితం లేదు. 1921లో ఫైసల్ ఇరాక్‌కి రాజయ్యాడు కానీ సిరియా ఫ్రెంచివారికే పోయింది.

ఆ తర్వాత ఆయన చేసింది వింత. కర్నల్‌గా పనిచేసినవాడు 1922లో జాన్ హ్యూమ్ రాస్ అనే దొంగపేరుతో వైమానిక దళంలో మామూలు సిపాయిగా చేరాడు. పత్రికలవాళ్ళు పట్టుకుంటే తీసేశారు. 1923లో షా అనే పేరుతో ట్యాంకుల దళంలో చేరి, 1925లో మళ్ళీ వైమానిక దళానికి వచ్చాడు. 1927లో కరాచీలో ఇంజన్ల రిపేరు విభాగంలో గుమాస్తాగా ఉన్నప్పుడు షా అన్న పేరునే చట్టబద్ధం చేసుకున్నాడు. మరుసటి ఏడు ఆఫ్ఘన్ సరిహద్దులో మిరన్‌షాలో ఉంటే, గూఢచర్యం చేస్తున్నాడని పత్రికలు గోల చేశాయి. 1929 జనవరిలో ఇంగ్లండుకి పిలిపించేశారు. ఎక్కడికెళ్ళినా పాత పేరు వెంటాడింది.

ఒక ఇంజనీరుగా నాకు నచ్చేది ఆయన చివరి ఘట్టం. 1931 ఫిబ్రవరిలో ప్లిమత్ దగ్గర ఒక విమానం సముద్రంలో కూలడం కళ్ళారా చూశాడు. కాపాడవలసిన పడవలు నత్తల్లా కదిలేవి. అప్పటినుంచి నాలుగేళ్ళు వేగంగా వెళ్ళే రక్షణ పడవల తయారీలో, పరీక్షల్లో చేతులకి గ్రీజు పూసుకుని పనిచేశాడు. 1935 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. మే 13న మోటారు సైకిలు మీద వెళ్తూ ఇద్దరు సైకిలు కుర్రాళ్ళని తప్పించబోయి పడ్డాడు. మే 19న కన్నుమూశాడు. వయసు 46. ఆయనకి వైద్యం చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ తర్వాత తలగాయాల మీద పరిశోధన చేసి, మోటారు సైకిలు నడిపేవారికి హెల్మెట్ ఎందుకు అవసరమో నిరూపించాడు.

ఓడ ఏమైంది? 1917లో వోల్ఫ్ అనే జర్మన్ దాడి నౌకని వెతకడానికి రావెన్ 2 ని హిందూ మహాసముద్రంలోకి పంపారు. తమాషా ఏమిటంటే, అదే వోల్ఫ్ అప్పటికే రాబెన్‌ఫెల్స్‌కి ఒకప్పటి తోడు ఓడని పట్టుకుంది. హన్సా కంపెనీ గుటెన్‌ఫెల్స్‌ని బ్రిటిష్‌వారు 1914లో పట్టుకుని టర్రిటెల్లా అని పేరు పెట్టారు. 1917 ఫిబ్రవరిలో వోల్ఫ్ దాన్ని తిరిగి పట్టుకుని ఇల్టిస్ అంది. ఏడెన్ దగ్గర మందుపాతరలు వేస్తూ బ్రిటిష్‌వారి కంటపడగానే జర్మన్లే దాన్ని ముంచేశారు. రావెన్ 2 మాత్రం బతికింది. మళ్ళీ సరుకుల ఓడగా మారింది. కొత్త పేరు రావెన్‌రాక్. జర్మన్‌లో రాబెన్‌ఫెల్స్ అంటే ఏమిటో ఇంగ్లీషులో రావెన్‌రాక్ అన్నా అదే, కాకిబండ. రెండు జెండాలు మారి, యుద్ధం చేసి, చివరికి పాత పేరే వేరే భాషలో తిరిగొచ్చింది.

ఈమధ్య అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు నింపుతుంటే అందులో పేరు మార్చుకోదలిస్తే రాయమని ఒక గడి వచ్చింది. పిల్లలు చిన్న పేరేదైనా పెట్టుకోమన్నారు, ఆఫీసులో అందరికీ నోరు తిరుగుతుందని. కాసేపు నిజంగానే ఆలోచించాను. ఓడకి అడిగేవాళ్ళు లేరు, ఎవరు పట్టుకుంటే వారి పేరే. లారెన్స్ అడగకుండానే మార్చుకున్నాడు, అయినా తప్పించుకోలేకపోయాడు. నాకు మాత్రం ఒక గడి ఇచ్చి, నీ ఇష్టం అన్నారు. అది ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను, ఇంటిపేరుతో సహా, పూర్తిగా.

ఈ సభల్లో మీరు ఎదురుపడితే నా బ్యాడ్జీ మీద పేరు పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి. యాన్బులో పనిచేసినవారెవరైనా ఉంటే తప్పకుండా పలకరించండి, ఆ రేవు గురించి మాట్లాడుకుందాం.