సోక్రటీసు నడిచిన దారి

ఏథెన్స్ నగరంలో అక్రోపోలిస్ గుట్టకు ఎదురుగా ఇంకో కొండ ఉంది. దాని పాదం దగ్గర రాతిలో తొలిచిన మూడు గదులు, వాటికి ఇనుప ఊచలు కనిపిస్తాయి. సోక్రటీసు చెరసాల అని దానికి పేరు. యాత్రికులు ఆగి ఫొటోలు తీసుకుంటారు. నిజానికి సోక్రటీసు అక్కడ ఒక్క రాత్రి గడిపాడనడానికి కూడా ఆధారం లేదు. ఆయన్ని బంధించిన చోటు ఇంకొకటని, అది పాత నగరం నడిబొడ్డుకు చాలా దగ్గరగా ఉందని తవ్వకాలు జరిపినవారిలో కొందరు అంటారు. మనం చివరికి అక్కడికే చేరుకుంటాం.

మాలో ఎవరమూ గ్రీసు దేశం చూడలేదు. చరిత్ర పాఠంలో సోక్రటీసు మరణం గురించి చదివినప్పుడు క్లాసులో పెద్ద వాదన జరిగింది. తప్పించుకునే వీలుండీ ఆయన ఎందుకు పారిపోలేదన్నది ఆ వాదన. అది తేలలేదు. అందుకని లైబ్రరీలో దొరికిన పుస్తకాలూ, ఏథెన్స్ పటం ఒకటీ ముందు వేసుకుని, ఆయన జీవితాన్ని పుట్టిన ఊరి నుంచి కాలినడకన చూసుకుంటూ వద్దామనుకున్నాం. ఆయన కూడా నడిచే మనిషే. అదీ చెప్పులు లేకుండా.

సోక్రటీసు సుమారు క్రీ.పూ. 469లో పుట్టాడు. ఊరు అలోపెకే. ఏథెన్స్ కోటగోడకు బయట, ఆగ్నేయ దిక్కున కొద్ది దూరంలో ఉండేది. తండ్రి సోఫ్రోనిస్కస్ రాతిపని చేసేవాడు. తల్లి ఫైనరెటె మంత్రసాని. తల్లి పనినీ తన పనినీ పోల్చి చెప్పడం సోక్రటీసుకు ఇష్టం. ఆమె బిడ్డలను బయటికి తెస్తే, తాను ఎదుటివాడి మనసులో ఉన్న ఆలోచనను బయటికి తెస్తానని, బిడ్డ తనది కాదని ఆయన ఉద్దేశం. ఆయనకు ఇరవై రెండేళ్ళప్పుడు అక్రోపోలిస్ మీద పార్థెనాన్ గుడి పని మొదలైంది. క్రీ.పూ. 447 నుంచి 432 దాకా ఆ పని సాగింది. రాళ్ళు చెక్కేవాడి కొడుకు రోజూ తల ఎత్తి ఆ గుడి లేవడం చూసే ఉంటాడని మాకు అనిపించింది.

ఆయన రూపం అందమైనది కాదు. చప్పిడి ముక్కు, ముందుకు పొడుచుకొచ్చిన కళ్ళు, బొజ్జ. అందానికి పెద్ద పీట వేసిన నగరంలో అది చిన్న విషయం కాదు. భార్య పేరు జాంతిప్పె. కొడుకులు ముగ్గురు. ఆమెను గయ్యాళిగా చూపించే కథలు చాలా ఉన్నాయి గానీ, సంపాదన మీద ధ్యాసలేని మగడితో ముగ్గురు పిల్లలను పెంచిన ఇల్లాలి వైపు నుంచి ఆ కథ ఎవరూ రాయలేదు.

నగరం దాటి ఆయన దూరం వెళ్ళింది ప్రధానంగా యుద్ధాలకే. పొటిడియా, డెలియం, ఆంఫిపొలిస్ అనే మూడు చోట్ల కాలిబలంలో సైనికుడిగా పోరాడాడు. పొటిడియా చలిలో మిగతావాళ్ళు కాళ్ళకు గొర్రెతోళ్ళు చుట్టుకుంటే, ఆయన మంచు మీద ఉత్త కాళ్ళతో తిరిగాడట. అక్కడే ఒకరోజు ఏదో ఆలోచన పట్టి పొద్దున్నే నిలబడిపోయి, మర్నాడు సూర్యుడు లేచేదాకా కదల్లేదని, తోటి సైనికులు ఆరుబయట పక్కలు వేసుకుని మరీ ఆయన్ని చూశారని చెబుతారు. గాయపడ్డ ఆల్సిబయాడిస్ అనే యువకుణ్ణి కాపాడిందీ ఆ పోరులోనే. ఆ యువకుడే తర్వాత నగరాన్ని పెద్ద చిక్కుల్లో పెట్టాడు. ఆ పేరు గుర్తుంచుకోవాలి.

ఇక అగోరాకు వద్దాం. అగోరా అంటే సంతా, కచేరీలూ, గుళ్ళూ, కబుర్ల చావడీ అన్నీ కలిసిన ఖాళీ స్థలం. 1931 నుంచి అమెరికా పండితులు అక్కడ తవ్వకాలు జరుపుతున్నారు. ఆ తవ్వకాల కోసం పైన ఉన్న వందలాది ఇళ్ళు తొలగించారు. ఇప్పుడు అగోరాలో అన్నిటికంటే ఘనంగా కనిపించే అట్టాలస్ మండపం సోక్రటీసు ఎరిగింది కాదు. అది ఆయన పోయాక రెండు వందల ఏళ్ళకు పైగా గడిచాక కట్టినది, 1950లలో తిరిగి నిలబెట్టినది. ఆయన కాలం నాటివి చూడాలంటే తల దించుకోవాలి. పునాదులూ, గుర్తు రాళ్ళూ నేల మీదే ఉన్నాయి.

అలాంటి గుర్తు రాయి ఒకటి అగోరా నైరుతి మూల ఉంది. ఇది అగోరా సరిహద్దు అని ఆ రాయే మాట్లాడుతున్నట్టు దాని మీద చెక్కారు. దాని పక్కన ఒక ఇంటి పునాదులు బయటపడ్డాయి. నేలలో చెప్పుల అడుగున కొట్టే ఇనుప మేకులు, తాళ్ళు దూర్చే ఎముక రింగులు, ఒక గిన్నె అడుగున సైమన్ అనే పేరు దొరికాయి. సోక్రటీసు తరచూ సైమన్ అనే చెప్పులు కుట్టే అతని దుకాణానికి వెళ్ళేవాడని, వాళ్ళ మాటలను సైమన్ రాసి పెట్టుకునేవాడని ప్రాచీనులు రాశారు. ఇది ఆ సైమన్ ఇల్లేనని చాలామంది నమ్మకం. కుర్రవాళ్ళు సరిహద్దు దాటి అగోరాలోకి రావడం మర్యాద కాదట. అందుకే మన వయసు పిల్లలు అంచునున్న దుకాణాల్లో కూర్చుంటే, సోక్రటీసే వాళ్ళ దగ్గరికి వచ్చేవాడు. జీతం పుచ్చుకోలేదు, బడి పెట్టలేదు. ధైర్యం అంటే ఏమిటి, న్యాయం అంటే ఏమిటి అని అడిగేవాడు. ఎదుటివాడు ఠక్కున చెప్పేవాడు. నాలుగు ప్రశ్నల తర్వాత తాను చెప్పింది తనకే నిలవదని తెలుసుకునేవాడు. కొందరు నవ్వేవారు, కొందరికి ఒళ్ళు మండేది.

ఈ పని మొదలవడానికి కారణంగా ఒక సంగతి చెబుతారు. కైరెఫోన్ అనే స్నేహితుడు డెల్ఫీ గుడికి వెళ్ళి సోక్రటీసు కంటే జ్ఞాని ఉన్నాడా అని అడిగితే లేడని జవాబు వచ్చింది. సోక్రటీసు నమ్మలేకపోయాడు. తనకంటే తెలిసినవాణ్ణి వెతకడానికి రాజకీయ నాయకుల దగ్గరికీ, కవుల దగ్గరికీ, చేతిపనుల వాళ్ళ దగ్గరికీ వెళ్ళాడు. ఎవరికి వారు తమకు తెలియనిది కూడా తెలుసనుకుంటున్నారు. తనకు కనీసం తెలియదన్న సంగతైనా తెలుసు. తేడా అంతేనని ఆయనకు బోధపడింది. కానీ నలుగురిలో తమ అజ్ఞానం బయటపెట్టినవాణ్ణి ఎవరు క్షమిస్తారు?

క్రీ.పూ. 423లో అక్రోపోలిస్ దక్షిణపు వాలులోని నాటకశాలలో అరిస్టోఫనీస్ ఆయన మీద ఒక హాస్యనాటకం వేశాడు. అందులో సోక్రటీసు గాలిలో వేలాడే బుట్టలో కూర్చుని, తప్పును ఒప్పుగా గెలిపించే విద్య నేర్పుతాడు. పోటీలో నాటకం చివరి స్థానంలో నిలిచింది. కానీ జనం మనసులో ఆ బుట్ట మిగిలిపోయింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత న్యాయస్థానంలో ఆయన ఆ నాటకాన్ని ప్రస్తావించాల్సి వచ్చింది.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆపిన చోటు అగోరా పడమటి అంచు. అక్కడ పక్కపక్కనే రెండు కట్టడాల పునాదులున్నాయి. ఒకటి 500 మంది సభ కూడే భవనం. రెండోది గుండ్రటి భోజనశాల, దాని పేరు థొలోస్. ఆ రెంటితో ముడిపడిన సంఘటనల్లో సోక్రటీసు ప్రాణం పణంగా పెట్టాడు.

క్రీ.పూ. 406లో ఆర్గినూసె దగ్గర ఏథెన్స్ నావికాదళం గెలిచింది. కానీ తుఫాను వల్ల నీళ్ళలో పడ్డ సొంతవాళ్ళను సేనాపతులు కాపాడలేకపోయారు. కోపంతో జనం సేనాపతులందరినీ ఒకే ఓటుతో శిక్షించాలన్నారు. ఎవరి విచారణ వారికి విడిగా జరగాలన్నది నగర చట్టం. ఆ రోజు సభ నడిపే వంతు పడ్డవారిలో సోక్రటీసు ఒకడు. జనం అరుపులకు తోటివారంతా లొంగిపోయారు. ఆయన ఒక్కడే ఒప్పుకోలేదు. అయినా ఆరుగురు సేనాపతులను చంపారు. తర్వాత నగరమే పశ్చాత్తాపపడింది.

రెండేళ్ళకు యుద్ధంలో ఏథెన్స్ ఓడి, ముప్ఫై మంది నిరంకుశుల పాలన వచ్చింది. వారు సోక్రటీసునూ, ఇంకో నలుగురినీ థొలోస్‌కు పిలిపించి, సలామిస్ ద్వీపానికి వెళ్ళి లియోన్ అనే అతణ్ణి పట్టుకురమ్మన్నారు, చంపడానికి. నలుగురూ సలామిస్‌కు వెళ్ళారు. సోక్రటీసు ఇంటికి వెళ్ళిపోయాడు. కేకలు లేవు, ఉపన్యాసం లేదు. నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఆ పాలన త్వరలో కూలకపోయి ఉంటే ఆయన ప్రాణం అప్పుడే పోయేది. మొదటిసారి ఆయన ఎదిరించింది ప్రజలను, రెండోసారి నిరంకుశులను. రెండుసార్లూ ఆయన చట్టం పక్షానే ఉన్నాడు. ఈ రెండు సంగతులూ తెలిశాక మా వాదన కొంచెం మారింది.

ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది. అదే ఆయన్ని చంపింది. క్రీ.పూ. 399లో మెలిటస్, అనిటస్, లైకన్ అనే ముగ్గురు ఆయన మీద నేరం మోపారు. నగర దేవతలను గౌరవించడం లేదని, కొత్త దేవతలను తెస్తున్నాడని, యువకులను చెడగొడుతున్నాడని. నగరానికి ద్రోహం చేసిన ఆల్సిబయాడిస్, ముప్ఫై మందిలో క్రూరుడైన క్రిటియాస్ ఇద్దరూ ఒకప్పుడు ఆయన చుట్టూ తిరిగినవాళ్ళే. అసలు కోపం అదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ నేరపత్రం విషయమై ఆయన వెళ్ళిన రాజ మండపం పునాదులు 1970లో బయటపడ్డాయి. ఇప్పుడు దానికీ మిగతా అగోరాకూ మధ్య నుంచి రైలు పోతుంది.

విచారణ ఒక్కరోజులో ముగిసింది. తీర్పు చెప్పేవారు సుమారు 500 మంది మామూలు పౌరులు. మాట్లాడే సమయాన్ని మట్టి కుండల్లోంచి కారే నీటితో కొలిచేవారు. అలాంటి కుండ ఒకటి అగోరా మ్యూజియంలో ఉంది, సుమారు ఆరు నిమిషాలకు ఖాళీ అవుతుంది. డెబ్బై ఏళ్ళ సోక్రటీసు ఏడవలేదు, పిల్లలను తెచ్చి జాలి పుట్టించలేదు. 30 ఓట్లు అటు మారి ఉంటే బయటపడేవాడు. శిక్ష ఏమిటో నువ్వే చెప్పమంటే, ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు తనకు నగరం ఖర్చుతో భోజనం పెట్టాలన్నాడు. తర్వాత స్నేహితులు పూచీపడితే జరిమానా కడతానన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఈ ఒక్క చోట మాకూ ఆయన మీద కాస్త కోపం వచ్చింది.

ఈ విచారణ కథ మన దేశానికీ చేరింది. 1908లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో దీన్ని గుజరాతీలో క్లుప్తంగా రాసి తన పత్రికలో వేశారు. ఆయన దృష్టిలో సోక్రటీసు సత్యం కోసం నిలబడ్డ వీరుడు. 1910లో బొంబాయి ప్రభుత్వం ఆ చిన్న పుస్తకాన్ని నిషేధించింది. రెండు వేల మూడు వందల ఏళ్ళ క్రితం చనిపోయిన ముసలివాడంటే తెల్లదొరలకు భయం వేసిందన్నమాట.

ఇక చెరసాల. అగోరా నైరుతి మూల నుంచి కొన్ని నిమిషాల నడక. ఒక పొడవాటి కట్టడం, నడవకు అటూ ఇటూ గదులు. అక్కడ 13 చిన్న మట్టి సీసాలు దొరికాయి, మందో విషమో కొలిచి పోసేంతవి. సోక్రటీసు చిన్న పాలరాతి బొమ్మ ముక్క కూడా దొరికింది. ఇదే చెరసాలని అందరూ ఒప్పుకోరు. మాకు మాత్రం ఆ బొమ్మను ఎవరో భక్తితో తెచ్చి అక్కడ పెట్టారనిపించింది.

డెలోస్ ద్వీపానికి వెళ్ళిన పవిత్రమైన ఓడ తిరిగొచ్చేదాకా నగరంలో ఎవరినీ చంపకూడదు. అందువల్ల ఆయన సుమారు నెలరోజులు జైల్లో ఉన్నాడు. ఒకరోజు తెల్లవారకముందే క్రీటో వచ్చాడు. చిన్ననాటి స్నేహితుడు, డబ్బున్నవాడు. థెస్సలీకి పారిపోయే ఏర్పాటు చేశానన్నాడు. పిల్లలను ఎవరు చూస్తారన్నాడు. సోక్రటీసు ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళు ఈ నగరం చట్టాల నీడలో బతికి, అవి నచ్చకపోతే వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉండీ వెళ్ళకుండా, తీర్పు తనకు వ్యతిరేకమయ్యాక వాటిని తుంచడం అన్యాయమని ఆయన వాదన. క్లాసులో సగం మందిమి ఇప్పటికీ క్రీటో వైపే. తీర్పే తప్పయినప్పుడు, ముగ్గురు పిల్లల్లో ఇద్దరు చిన్నవాళ్ళయినప్పుడు, పారిపోతే తప్పేమిటని వాళ్ళ ప్రశ్న. మిగతా సగం థొలోస్ నుంచి ఇంటికి నడిచిన మనిషిని గుర్తుచేస్తారు. అన్యాయం చేయమంటే చేయనన్నవాడు, తనకు జరిగిన అన్యాయానికి మారుగా అన్యాయం చేయడని వాళ్ళ జవాబు.

చివరి రోజు స్నేహితులు చాలామంది వచ్చారు. మనకు ఆ రోజు గురించి అందరికంటే ఎక్కువ చెప్పిన ప్లేటో మాత్రం ఒంట్లో బాగాలేక రాలేదు. సోక్రటీసు తానుగా ఒక్క అక్షరమూ రాసిపెట్టలేదు కాబట్టి, అక్కడ లేని శిష్యుడి రాతే మనకు దిక్కు. పొద్దంతా ఆత్మ గురించి మాట్లాడుకున్నారు. శవానికి స్నానం చేయించే శ్రమ ఆడవాళ్ళకు ఉండకూడదని సోక్రటీసు ముందే తానే స్నానం చేశాడు. పిల్లలతో, ఇంటివాళ్ళతో మాట్లాడి పంపేశాడు. గిన్నె తెచ్చిన అతని చేతిలోంచి అందుకుని, హెమ్లాక్ విషం తాగేశాడు. కాళ్ళు బరువెక్కేదాకా గదిలో నడవమని అతను చెప్పాడు. నడిచాడు. తర్వాత పడుకున్నాడు. వైద్యదేవుడు ఎస్క్లీపియస్‌కు ఒక కోడిపుంజు బాకీ ఉందని, మరిచిపోకుండా తీర్చమని క్రీటోకు చెప్పాడు. కాసేపటికి ఒళ్ళు ఒకసారి కదిలింది. చూపు నిలిచిపోయింది. క్రీటో దగ్గరికి వెళ్ళి ఆయన నోరూ కళ్ళూ మూశాడు.