ఊపిరిని పణముగా పెట్టిన శాస్త్రజ్ఞుడు: జె.బి.ఎస్. హాల్డేన్

శాస్త్ర చరిత్రలో కుందేళ్లపైన, ఎలుకలపైన ప్రయోగములు చేసినవారు పెక్కుమంది ఉన్నారు. తమ దేహమునే ప్రయోగశాలగా చేసుకొన్నవారు అరుదు. అట్టివారిలో ఆచార్య జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. జన్యుశాస్త్రజ్ఞునిగా ఆయన పేరు మన విద్యార్థులలో పలువురు వినియే ఉంటారు. నీటి అడుగున మనిషి ఊపిరి పీల్చవలసిన తీరును తెలిసికొనుటకు ఆయన పడిన శ్రమ మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. ఆ కథనే మేమిక్కడ చెప్పదలచినాము.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధించిన మహాశాస్త్రజ్ఞుడు. ఊపిరి పీల్చవలెనను తహతహ కలుగుటకు ముఖ్య కారణము ప్రాణవాయువు తగ్గుట కాదనియు, దేహములో బొగ్గుపులుసు వాయువు పెరుగుటయేననియు ఆయన తన సహచరునితో కలిసి 1905లో నిరూపించారు. సముద్రములో మునిగి పనిచేయువారు అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావలెనని 1908లో పట్టికలు ప్రకటించిన శాస్త్రజ్ఞులలోను ఆయన ముఖ్యులు.

ఆ తండ్రియే కుమారునికి తొలి గురువు. ఒకసారి బాలుని బొగ్గుగనిలోనికి తీసికొనిపోయి, షేక్‌స్పియర్ నాటకములోని ఒక ప్రసంగమును నిలుచుండి అప్పజెప్పుమన్నారు. పైకప్పు దగ్గర చేరిన మీథేన్ వాయువు వలన కొంతసేపటికే బాలుడు నేలపై కూలిపోయాడు. నేలకు దగ్గరగా గాలి మంచిదగుటచే తేరుకొన్నాడు. తేలికైన వాయువు పైన చేరునను పాఠము అతనికి జన్మాంతము గుర్తుండిపోయినది. 1906లో, 13 ఏండ్ల వయసున, మునక దుస్తులు తొడిగి స్కాట్లండు తీరమున సముద్రములోనికి దిగినాడు. దుస్తులు తన కొలతకు పెద్దవై నీరు లోనికి వచ్చినను బెదరలేదు.

మొదటి ప్రపంచ యుద్ధములో, 1915లో, జర్మను సైన్యము క్లోరిన్ వాయువును ప్రయోగించినపుడు తండ్రీకొడుకులిద్దరును ఆ విషవాయువును తామే పీల్చి, సైనికుల రక్షణకు ముసుగులను పరీక్షించారు. యుద్ధానంతరము హాల్డేన్ కేంబ్రిడ్జిలోను, లండనులోను ఆచార్యత్వము వహించి, పరిణామవాదమునకు గణితశాస్త్రపు పునాది వేసినవారిలో ఒకరైనారు. 1932లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది.

1939 జూన్ 1న థీటిస్ అను బ్రిటిషు జలాంతర్గామి లివర్‌పూల్ సమీపమున మునిగిపోయినది. అందున్న 103 మందిలో నలుగురు మాత్రమే బయటపడగా 99 మంది మరణించారు. కార్మిక సంఘముల కోరికపై హాల్డేన్ విచారణకు పూనుకొన్నారు. ఉక్కు గదిలో తానును, తన సహచరులును బంధింపబడి, విడిచిన గాలినే మరల పీల్చుచు, బొగ్గుపులుసు వాయువు పెరిగిన కొలది ఆయాసము, తలనొప్పి, వాంతి ఏ క్రమమున కలుగునో గమనించారు. అటుపై నావికాదళము కొరకు యుద్ధకాలమంతయు అట్టి ప్రయోగములు సాగినవి. అధిక పీడనమున నత్రజని మత్తు కలిగించుననియు, లోతున స్వచ్ఛమైన ప్రాణవాయువే విషమై మూర్ఛ తెచ్చుననియు స్వానుభవముతో పరిశీలించారు. అట్టి మూర్ఛలో ఆయన వెన్నుపూసలు దెబ్బతిని, ఆ బాధ జీవితాంతము వెంటాడినది.

ఇట్టి పరిశోధనల ఫలమే నేడు సిలిండరుతో మునుగువారు మొదట నేర్చుకొను పాఠము. సముద్రములో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము చొప్పున పెరుగును. ఆ లోతున పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో, అది రెట్టింపు కాజూచి ఊపిరితిత్తులను చీల్చగలదు. కావున సిలిండరుతో మునిగినవారు ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. పీల్చుట నెమ్మదిగాను, విడుచుట నిండుగాను ఉండవలెను. గబగబ పైపైన పీల్చినచో, విడిచిన గాలియే శ్వాసనాళములో నిలిచి మరల లోనికి పోవును. బొగ్గుపులుసు వాయువు పేరుకొని ఆయాసమును, కలవరమును కలిగించును.

మన వరంగల్ చెరువుల సీమ. చెరువులలోను, బావులలోను పందెము వేసికొని మునుగు యువకులకు ఏ సిలిండరును ఉండదు. వారు మునుగుటకు ముందు పలుమార్లు గట్టిగా ఊపిరి తీసి విడుచుట కద్దు. అది ప్రమాదకరము. దాని వలన ప్రాణవాయువు నిలువ పెద్దగా పెరగదు. హెచ్చరిక చేయవలసిన బొగ్గుపులుసు వాయువు మాత్రము తరిగిపోవును. తహతహ కలుగక మునుపే స్పృహ తప్పును. తండ్రి హాల్డేన్ కనుగొన్న సత్యమును మరచుట ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

1957లో హాల్డేన్ తన భార్య హెలెన్ స్పర్వేతో భారతదేశమునకు వచ్చి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరి, పిమ్మట ఈ దేశ పౌరసత్వము స్వీకరించారు. ఆయన ముక్కోపి, అధికారులతో పొసగక సంస్థలు మారినారు. శిష్యుల యెడల మాత్రము వాత్సల్యము చూపినారు. తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆ శిష్యులలో ఒకరు. ఈ కృష్ణారావు పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికపు వివాహములపై 1960లో పరిశోధన వ్యాసము ప్రకటించారు.

క్యాన్సరు వ్యాధితో హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వరములో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు భౌతికకాయమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల అధ్యయనమునకు అప్పగించారు. ఊపిరి ఉన్నంత కాలము ప్రయోగశాలయైన దేహము, ఊపిరి ఆగిన పిదప తెలుగు విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనది.

విద్యార్థి మిత్రులారా! ప్రాణమును లెక్కచేయని సాహసము వేరు, పదిమంది ప్రాణములు నిలుపుటకై తెలిసి చేయు సాహసము వేరు. హాల్డేన్ జీవితము రెండవదానికి ఉదాహరణము. ఆయన కష్టపడి సంపాదించిన జ్ఞానమును నీటిలో దిగు ప్రతిసారియు స్మరించుటయే మనము ఆయనకు చెల్లింపదగిన ఋణము.