పోస్టులో సీసాలు పంపి.. ఫంగస్‌కు మందు కనిపెట్టారు! ఎవరీ ఎలిజబెత్ హేజన్?

బ్లాక్ ఫంగస్.. 2021లో కరోనా సెకండ్ వేవ్ టైమ్‌లో తెలుగు రాష్ట్రాలను వణికించిన పేరు. ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం రోగుల బంధువులు కాళ్లరిగేలా తిరిగారు. ఆ మందు కంటే ముందే, ఫంగస్‌పై పోరాటానికి దారి చూపించిన మహిళ ఒకరున్నారు. ఆమే ఎలిజబెత్ లీ హేజన్.

1885 ఆగస్టు 24న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులిద్దరూ పోయారు. బంధువులు పెంచారు. డిగ్రీ చేసి కొన్నాళ్లు స్కూల్లో సైన్స్ టీచర్‌గా పనిచేశారు. అయినా చదువు వదల్లేదు. కొలంబియా యూనివర్సిటీలో పీజీ చేశారు. 1927లో, అంటే నలభై దాటాక పీహెచ్‌డీ పూర్తి చేశారు. 1931లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ల్యాబ్‌లో చేరారు.

అప్పుడే అసలు సమస్య మొదలైంది. 1940ల్లో పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ వచ్చాయి. బ్యాక్టీరియా చచ్చింది.. కానీ దాంతోపాటు ఒంట్లో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా పోయింది. ఆ ఖాళీలో క్యాండిడా అనే ఈస్ట్ రెచ్చిపోయేది. నీరసించిన రోగుల నోట్లో, పేగుల్లో పెరిగిపోయేది. మనిషికి హాని చేయకుండా దాన్ని చంపే మందు మాత్రం లేదు.

1948లో హేజన్‌కు ఆల్బనీ ల్యాబ్‌లోని కెమిస్ట్ రేచల్ బ్రౌన్ తోడయ్యారు. న్యూయార్క్ సిటీలో ఒకరు, సుమారు 240 కిలోమీటర్ల దూరంలో ఇంకొకరు. హేజన్ మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి, ఫంగస్‌ను చంపేవాటిని గాజు సీసాల్లో పోస్టులో పంపేవారు. బ్రౌన్ అందులోంచి మందు పదార్థాన్ని వేరుచేసి మళ్లీ పోస్టు చేసేవారు. చాలావరకు ఫంగస్‌తోపాటు జంతువులకూ విషమే అని తేలేది. మళ్లీ మొదటికే!

చివరికి వర్జీనియాలో ఒక స్నేహితుడి పొలంలో హేజన్ తీసిన మట్టి పనిచేసింది. 1950లో మందును ప్రపంచానికి చెప్పారు. న్యూయార్క్ స్టేట్ పేరు కలిసొచ్చేలా నిస్టాటిన్ అని పెట్టారు. 1954లో ట్యాబ్లెట్లు వచ్చాయి. రాయల్టీగా కోటీ 30 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. హేజన్, బ్రౌన్ ఒక్క డాలర్ కూడా ఇంటికి తీసుకెళ్లలేదు. మొత్తం సైన్స్ పరిశోధనలకే ఇచ్చేశారు.

అయితే నిస్టాటిన్‌కు ఒక లోపం. రక్తంలోకి ఎక్కిస్తే విషం. మింగితే పేగులు దాటి వెళ్లదు. నోరు, పేగులు, చర్మం వరకే పని. రక్తంలో చేరిన ఫంగస్ కోసం అదే కుటుంబానికి చెందిన ఆంఫోటెరిసిన్-బి 1950ల్లోనే వచ్చింది. రెండూ ఫంగస్ కణం పొరకు చిల్లులు పెట్టి చంపుతాయి. కాకపోతే ఆంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బతీసేది. అందుకే 1990ల్లో దాన్ని సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి ఇవ్వడం మొదలైంది. కిడ్నీలపై దెబ్బ తగ్గింది. క్యాన్సర్, ఎయిడ్స్, అవయవ మార్పిడి రోగులకు అది ప్రాణాధారమైంది. 2021లో మనవాళ్లు వెతికింది కూడా ఈ లైపోసోమల్ ఇంజెక్షన్ కోసమే.

1975 జూన్ 24న హేజన్ కన్నుమూశారు. 1994లో అమెరికా ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు, బ్రౌన్‌కు కలిపే చోటిచ్చారు. పసిపిల్లల నోటిపూతకు డాక్టర్లు ఇప్పటికీ నిస్టాటిన్ రాస్తూనే ఉన్నారు.