శిశువిద్యాచార్యుడు గిజుభాయి బధేకా

సంఘసేవ యనగా విద్యార్థి వసతిగృహమును నెలకొల్పుటయే యని మన పెద్దలు తలచిరి. ఆ తలంపు వ్యర్థము కాలేదు. ఈ మహాసభకు విచ్చేసినవారిలో పెక్కుమంది అట్టి గృహముల యన్నము తిని విద్యావంతులైనవారే. ఇందు వ్రాయబోవు మహనీయుని విద్యాసేవ కూడ నొక వసతిగృహమునందే ఆరంభమైనది. కాని యాయన యచ్చట నిలువక, ఇంకను క్రిందికి, బొమ్మలతో నాడుకొను శిశువుల కడకు దిగివచ్చెను. మన పోషకులు గమనింపదగినది ఆ దిగివచ్చుటయే.

గిజుభాయి పూర్తి నామము గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885వ సంవత్సరము నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రమందలి చితల్ గ్రామమున జన్మించెను. 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు వెళ్లి, రెండేండ్లకు మరలివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, వఢ్వాణ్ పట్టణమున ప్లీడరుగా పనిచేసెను. 1913లో కుమారుడు కలిగెను. ఆ బిడ్డను ఎట్టి బడికి పంపవలెనను చింత తండ్రిని పట్టుకొనెను. బెత్తమును, కంఠపాఠమును నమ్ముకొన్న బడులే నాడు తరచుగా నుండెను. వసో గ్రామమున విద్యాసేవ చేయుచుండిన మోతీభాయి అమీన్ గారి మూలమున ఆయనకు మాంటిస్సోరీ పద్ధతి పరిచయమయ్యెను. సొంత బిడ్డకై వెదకినది ఊరి బిడ్డలందరికిని దక్కెను. అందుకై ప్లీడరు వృత్తిని వదలుకొనుటకు నేటి తండ్రులెందరు సాహసింతురో!

భావనగరమున నానాభాయి భట్ 1910లో స్థాపించిన దక్షిణామూర్తి సంస్థ మొదట విద్యార్థి వసతిగృహమే. 1916లో గిజుభాయి అందు చేరెను. పిమ్మట అందలి ఉన్నత పాఠశాల భారము వహించెను. పెద్దపిల్లల నడుమ మెలగినకొలది, విద్యకు పునాది అంతకు చాల ముందే పడుచున్నదని ఆయనకు దృఢమయ్యెను. 1920లో బాలమందిరమును స్థాపించెను.

అచ్చట బెత్తము లేదు, బహుమానము లేదు. శిశువులు తమ గుండీలు తామే పెట్టుకొనుట, నీరు ఒలుకకుండ ఒక పాత్రనుండి మరియొక పాత్రకు పోయుట, నునుపును గరుకును వ్రేళ్లతో తడవి తెలిసికొనుట – ఇవియే తొలి పాఠములు. గరుకు అక్షరమును వ్రేలితో దిద్దిన పిమ్మటనే కలము. మన యిండ్లలో అమ్మమ్మ చాటలో కందిపప్పు చెరుగుచుండగా మనుమరాలు చెంత గూర్చుండి రాళ్లేరును. మనమది ఆట యందుము. కన్ను, వ్రేలు, మనస్సు ఒకేచోట నిలుచు నభ్యాసమది. ఆ నిలకడయే తరువాత చదువునకు అక్కఱకు వచ్చును. అడ్డు చెప్పక విడిచినచో ఆ పిల్ల అదే పనిని పదిమారులు చేయును. మనమో, చేతిలోని చాట లాగుకొని పలక నిత్తుము.

గిజుభాయి మాంటిస్సోరీని గ్రుడ్డిగా అనుసరింపలేదు. ఊహాకథల యెడల ఆమెకు సంశయముండెను; ఆయన జానపద కథలను, పాటలను, నాటకములను శిశువుల నడుమకు తెచ్చెను. నా యభిప్రాయమున నీ మార్పు మన దేశమునకు మిక్కిలి తగినది. జనులాయనను మీసముల తల్లి యని ముద్దుగా పిలిచిరి.

ఇట్టి బడికి గోడలు దొరకును, సామగ్రి దొరకును. ఉపాధ్యాయులు దొరకుటయే కష్టము. 1923లో తారాబాయి మోదక్ ఆయనతో చేరెను. 1925లో ఉపాధ్యాయుల శిక్షణకై అధ్యాపన మందిరము వెలసెను. మరుసటి యేట నూతన బాలశిక్షణ సంఘ మేర్పడెను. ఈ పద్ధతిలో ఉపాధ్యాయుడు మొదట నేర్వవలసిన విద్య, నోరు మెదపక శిశువును గమనించుట. అది నాలుగు దినములలో పట్టుపడునది కాదు. దానికి గురువు కావలెను, తీరిక కావలెను, భుక్తి కావలెను. మన సంఘనిధి పద్దులలో కళాశాల విద్యార్థులకు వేతనములున్నవి, పతకములున్నవి. శిశువులకు చెప్పు ఉపాధ్యాయిని శిక్షణకై ఒక్క పద్దును లేదు. పోషకులు దీనిని ఈ సభయందే యోచింతురుగాక.

ఆయన గుజరాతీ రచన దివాస్వప్నము తెలుగున పగటికల యను పేర వెలువడినది. నాలుగవ తరగతిని ఏడాదిపాటు చేపట్టిన యుపాధ్యాయుడు కథలతో, ఆటలతో, గోళ్ల శుభ్రతతో ఆరంభించి, తోడి యుపాధ్యాయుల యెగతాళిని సహించి, పని నెగ్గించుకొను వృత్తాంతమది.

1936లో గిజుభాయి దక్షిణామూర్తిని విడిచెను. 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో, ఏబదినాలుగేండ్లు నిండకమునుపే గతించెను. ఆ యేడాది నవంబరులోనే మాంటిస్సోరీ మదరాసునందలి అడయారుకు విచ్చేసి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగ నారంభించెను.

తారాబాయి 1945లో బోర్డీ గ్రామమున బాలశిక్షా కేంద్రమును స్థాపించి, తరువాత అనూతాయి వాఘ్ తోడ్పాటుతో కోస్బాడ్ కొండలలో ఆదివాసి శిశువుల ముంగిళ్లకే బడిని తీసికొనిపోయెను. అంగన్‌వాడీ యనగా ముంగిటి బడి. తారాబాయి 1973లో గతించెను. 1975 అక్టోబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించినపుడు ఆ పేరే దేశమంతట వ్యాపించెను. నేడు మన తెలుగు గ్రామములలో ఆ బడిని నడపు స్త్రీకి ముట్టునది జీతము గాదు. దానికి సర్కారు లెక్కలలో గౌరవ వేతనమని పేరు.