వాకిటికి వెళ్లిన వైద్యురాలు – డాక్టర్ ఐడా స్కడ్డర్ అమ్మగారు

వేలూరు పెద్దాసుపత్రి పేరు వినని ఇల్లు మన చిత్తూరు ప్రాంతములో ఉండదు. జబ్బు ముదిరితే పలమనేరు వారైనా, పుత్తూరు వారైనా, తిరుపతి వారైనా తలచుకొనేది ఆ ఊరినే. ఆ ఆసుపత్రికి పునాది వేసిన డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్ అమ్మగారి చరిత్ర మన సంఘస్థులకు కొంత తెలిసినదే. అయితే ఆమె ఇచ్చిన మందును గూర్చి చెప్పుకొన్నంతగా, మందు పుచ్చుకొనుటకు జనులకు ఆమెయందు నమ్మిక ఎట్లు కలిగినదో మనము చెప్పుకొనలేదు. ఇక్కడ దానినే జ్ఞాపకము చేసుకొందాము.

ఆమె తాతగారైన డాక్టర్ జాన్ స్కడ్డర్ 1819లో అమెరికా విడిచి సింహళమునకు, తరువాత మద్రాసు ప్రాంతమునకు వచ్చిన వైద్య మిషనెరీ. ఆయన కుమారులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషనే చిత్తూరు, మదనపల్లెలలో పరిచర్య చేసినది. ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. ఆ కాలములో చిత్తూరు కూడ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. మన జిల్లా ఏర్పడినది 1911లో. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్న 1876–78 కరువులో, ఆకలిగొన్న పిల్లలకు ఆ చిన్నపిల్ల తన చేతులతో రొట్టె పెట్టినది. ఆ దృశ్యము ఆమె మనస్సులో భయముగా నిలిచిపోయినది. అమెరికాలో చదువుకొనుచున్నప్పుడు, ఈ దేశమునకు తిరిగి రాకూడదనియే ఆమె తలంచారు.

1890లో తల్లి జబ్బుపడగా తిండివనమునకు వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు, ఒకరి తరువాత ఒకరు, తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, ఒకరు మరియొక కులపు హిందువు. ముగ్గురి భార్యలును కాన్పు కష్టములో ఉన్నారు. ఐడా తండ్రిగారు వైద్యుడే, వచ్చుటకు సిద్ధమే. కాని పరపురుషుడు తమ స్త్రీని తాకుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును కన్నుమూశారు. ఆ భర్తలను మూఢులని నిందించి ఊరకుండుట సులభమే. ఐడా అట్లు చేయలేదు. వారు అడిగినది స్త్రీ వైద్యురాలిని గనుక, తానే వైద్యురాలు కావలెనని తీర్మానించుకొన్నారు.

1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టము పొంది, 1900లో వేలూరు చేరారు. అదే సంవత్సరము తండ్రి మరణించారు. ఒక చిన్న గదిలో వైద్యము ప్రారంభించి, రెండేండ్లలో సుమారు 5,000 మంది రోగులను చూచారు. అమెరికాలో ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో నలభై పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరవబడినది.

అయినను ఆసుపత్రికి రాలేనివారే ఎక్కువ. అందుచేత ఆమె వారమునకొకసారి గుడియాత్తం బాటలో తానే బయలుదేరేవారు. మొదట ఎద్దులబండి, తరువాత మోటారు. బాట ప్రక్కన చెట్ల క్రింద రోగులు కాచుకొని ఉండేవారు. పుండ్లు కడుగుట, కండ్లకు మందు వేయుట, కుష్ఠురోగులను కూడ చేరదీయుట అక్కడనే జరిగేది. చెప్పిన దినమున చెప్పిన చోటికి రావడము, వారి ఎదుట నిలిచి వారి భాషలో మాట్లాడడము, ఇవే నమ్మికకు మూలము. నమ్మిక కుదిరినచోట శుభ్రతను గూర్చిన మాటయు చెవికెక్కుతుంది.

తాను ఒక్కతె చెప్పిన చాలదని, ఈ దేశపు స్త్రీలే తమ తోటి స్త్రీలకు చెప్పవలెనని ఆమె గ్రహించారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్య పాఠశాల మొదలుపెట్టారు. తగినంతమంది వస్తారా అని అధికారులు సందేహించగా 151 దరఖాస్తులు వచ్చాయి. 1922లో మొదటి తరగతివారు 14 మంది పట్టము పొందారు. 1940 దశకములో ఆ పాఠశాల ఎం.బి.బి.ఎస్. కళాశాలగా ఎదిగి, పురుషులను కూడ చేర్చుకొన్నది. ఆమె తరువాత ఆ సంస్థకు నాయకత్వము వహించిన డాక్టర్ హిల్డా లాజరస్ విశాఖపట్నములో పుట్టిన మన తెలుగు ఆడపడుచే. ఐడా అమ్మగారు 1960 మేలో కొడైకెనాలులో ప్రభువునందు నిద్రించారు.

నా అనుభవము ఒకటి చెప్పి ముగిస్తాను. నేను పనిచేసిన ఒక సంఘములో చక్కెర వ్యాధిగల పెద్దాయన ఒకరు మాత్రలు సరిగా వేసుకొనేవారు కారు. ప్రతి ఆదివారము ఆరాధన కాగానే ఆయనను హెచ్చరించాను. తల ఊపేవారు, కొంతకాలమునకు నా కంటబడకుండ వెళ్లిపోసాగారు. ఒకనాడు వారి ఇంటికి వెళ్లి, ఏమియు బోధింపక, దినము ఎట్లు గడచునో అడిగాను. తెల్లవారుజామున మాత్ర వేసుకొని ఉత్త కడుపుతో చేనికి పోతే కండ్లు తిరుగుచున్నవట. ఆ భయము ఆయన ఎవరికిని చెప్పలేదు, మేమెవరమును అడగలేదు. డాక్టరుగారితో చెప్పించగా మాత్ర వేళ మారినది, తిండి వేళ మారినది. అటు తరువాత ఆయన మానలేదు.

నేను అన్ని ఆదివారములు ఆయన తలుపు తట్టాననుకొన్నాను. నిజమునకు తట్టుచున్నది ఆయనే, నేను వినలేదు. మన ఇండ్లలో, మన సంఘములలో జబ్బును దాచుకొని తిరుగువారు ఉన్నారు. వారికి గద్దింపు కంటె ముందు ఒక ప్రశ్నయు, వినుటకు కొంత సమయమును ఇవ్వగలిగితే, తిండివనములో ఆ రాత్రి ఐడా అమ్మగారు నేర్చిన పాఠము మనమును నేర్చినట్లే.