ఇంజను భాష తెలిసిన బియాట్రిస్

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే తమ్ముడి గుమ్మం ముందు ఓ పాత ఫియట్ కారు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. ఎవరో వదిలించుకున్న బండి. వాడు ముచ్చటపడి కొని, రంగు వేయించి, ఇప్పుడు దానికి టర్బో పెట్టిస్తానంటున్నాడు. ఊళ్లో రెండు చుట్లు తిప్పేసరికే రేడియేటర్లో నీళ్లు కుతకుతా ఉడికి ఆవిరి కక్కుతోంది పాపం! ఇప్పటి వేడికే తట్టుకోలేని ఇంజనుకి ఇంకా బలం ఎక్కిస్తే ఆ వేడంతా ఎక్కడికి పోతుంది మామయ్యా అని అడిగింది మా అమ్మాయి. పక్కనున్న మెకానిక్ నవ్వి, పాపకి ఇవన్నీ ఎందుకు, చేతులు మసవుతాయి అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వేశాను. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న ఆ పిల్ల మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరతానంటే ఏడాదిగా వద్దంటున్నది నేనే మరి. కంప్యూటర్లయితే ఏసీ గదిలో నీడపట్టున ఉంటుందని నా ఆశ.

బియాట్రిస్ షిల్లింగ్ జీవితం గురించి చదివాక మాత్రం ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. అందుకే ఆమె సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

బియాట్రిస్ 1909 మార్చి 8న ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో పుట్టింది. మనం మహిళా దినోత్సవం జరుపుకునే తేదీ అది! తండ్రిది మాంసం కొట్టు. ఈడు పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుంటే ఈమె మెకానో ముక్కలు బిగించి యంత్రాలు కట్టేది. పద్నాలుగేళ్లకే ఓ మోటారు సైకిల్ సంపాదించి, దాని ఇంజను విప్పి మళ్లీ బిగించడం నేర్చుకుంది.

పిల్ల ఇష్టాన్ని గుర్తించే పెద్దదిక్కు ఒక్కరున్నా చాలు కదా! బియాట్రిస్‌కి మార్గరెట్ పార్ట్రిడ్జ్ అనే ఆవిడ దొరికింది. ఆవిడ ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఊళ్లకి కరెంటు దీపాలు వేయించే పని చేసేది. బియాట్రిస్‌ని తన దగ్గర పనిలో పెట్టుకుని, ఇంతటితో ఆగిపోకుండా యూనివర్సిటీలో చదవమని పురమాయించింది. అలా మాంచెస్టర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1932లో డిగ్రీ తీసుకుంది. మరుసటి ఏడాది మెకానికల్‌లో ఎం.ఎస్సీ. కూడా అయింది. తరువాత ఒక ప్రొఫెసర్ దగ్గర సూపర్‌చార్జర్ పెట్టిన ఇంజన్ల మీద పరిశోధనకి సహాయకురాలిగా కుదిరింది.

సూపర్‌చార్జర్ అంటే కంగారు పడకండి. కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊదితే మంట భగ్గుమని లేస్తుంది చూశారా, సూత్రం అదే. ఇంజనులోకి గాలి ఎంత ఎక్కువ నెడితే అంత ఎక్కువ పెట్రోలు మండించొచ్చు, అంత బలం వస్తుంది. ఆ ఊదుగొట్టాన్ని ఇంజను తన బలంతోనే తిప్పితే సూపర్‌చార్జర్. బయటికి వృథాగా పోయే పొగతో తిప్పితే మా తమ్ముడు మోజు పడ్డ టర్బో. కాకపోతే మంట పెరిగితే వేడీ పెరుగుతుంది. మా అమ్మాయి అడిగింది ఆ సంగతే!

బియాట్రిస్ చదువుని కాగితాల మీదే ఉంచలేదు. తన నార్టన్ మోటారు సైకిల్‌ని తానే మెరుగులు దిద్దుకుని బ్రూక్‌లాండ్స్ పందెాల బాటలో మగవాళ్లతో పోటీ పడింది. 1934లో గంటకి 106 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 170 కిలోమీటర్లతో, చుట్టు పూర్తి చేసి గోల్డ్ స్టార్ గెలుచుకుంది. నూరు మైళ్లు దాటినవారికిచ్చే ఆ గౌరవం అక్కడ అందుకున్న ఆడవాళ్లు ముగ్గురే. 1938లో జార్జ్ నేలర్‌ని పెళ్లి చేసుకుంది. అతను కూడా గోల్డ్ స్టార్ గెలిచాకే పెళ్లికి ఒప్పుకుందని ఓ కథ ప్రచారంలో ఉంది. వరుడికి కూడా పరీక్ష పెట్టిందన్నమాట!

1936లో ఆమె ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో చేరింది. అసలు పరీక్ష అక్కడ ఎదురైంది. 1940లో జర్మన్ విమానాలు ఇంగ్లండు మీదికి విరుచుకుపడుతున్న రోజులు. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలలో మెర్లిన్ ఇంజను ఉండేది. శత్రువుని తరుముతూ పైలట్ ముక్కు ఒక్కసారి కిందికి వంచాడా, ఇంజను ఊపిరాడనట్టు ఆగిపోయేది. కార్బురేటర్లో పెట్రోలు ఎగిరి పైకప్పుకి అంటుకోవడంతో ముందు ఇంధనం అందేది కాదు, ఆ వెంటనే మోతాదు మించి వరదలా వచ్చి పడేది. జర్మన్ విమానాలలో ఇంధనాన్ని నేరుగా ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు ఉండబట్టి వాటికి ఈ బాధ లేదు. ఆ కాస్త వ్యవధిలో కుర్రాళ్ల ప్రాణాలు పోయేవి.

కొత్త కార్బురేటర్ తయారయ్యేదాకా ఆగితే ఏళ్లు పడుతుంది. బియాట్రిస్ లెక్క వేసింది. ఇంజను పూర్తి బలంతో తిరిగేటప్పుడు ఎంత ఇంధనం కావాలో, అంతే పోనిచ్చే చిన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క ఒకటి రూపొందించింది. తరువాత అది ఒట్టి వాషర్ బిళ్లంతగా తయారైంది. దాన్ని పెడితే ఆ వరద ఆగుతుంది. విమానాన్ని పనిలోంచి తప్పించకుండానే బిగించేయొచ్చు. 1941 మొదట్లో చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని విమాన స్థావరాలన్నీ తిరిగి వాటిని అమర్పించింది. పైలట్లు దానికో వెకిలి పేరు పెట్టుకుని నవ్వుకున్నారట. నవ్వితే నవ్వారు గానీ, ఆ బిళ్లని నమ్ముకునే ఆకాశంలోకి ఎగిరారు.

యుద్ధం అయ్యాక ఆవిడ కార్ల పందెాల మీద పడింది. భర్తతో కలిసి పాత కార్లు కొని, విప్పి, బాగుచేసి పందెాలకి తీసుకెళ్లేది. 1967లో అమెరికన్ డ్రైవర్ డాన్ గర్నీ ఫార్ములా వన్ కారు ఈగిల్ వేడెక్కిపోతుంటే, దాని సంగతి చూడమని యాభై ఎనిమిదేళ్ల ఈవిడనే పిలిచారు. చేతులు మసవుతాయని అక్కడెవరూ అనలేదు!

కారు చల్లబడటం మన వంటింటి లెక్కే. రేడియేటర్ మూత కుక్కర్ వెయిట్ లాంటిది. లోపల ఒత్తిడి నిలబెడితే నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. రేడియేటర్ ఎంత పెద్దదైనా, లోపలికొచ్చిన గాలి వెనకనుంచి బయటికి పోయే దారి లేకపోతే దండగ. ఒక్క కిటికీ ఉన్న వంటింట్లో ఉక్కపోసినట్టే ఉంటుంది.

1969 దాకా ఫార్న్‌బరోలోనే పనిచేసి రిటైరయిన బియాట్రిస్ 1990 నవంబర్ 18న కన్నుమూసింది. ఇప్పుడు ఇంగ్లండులో ఇంజనీరింగ్ చదివే ఆడపిల్లలకి ఆమె పేరు చెప్పి ధైర్యం నూరిపోస్తారు.

ఈ కథంతా ఫోన్లో తమ్ముడికి చెప్పాను. టర్బో సంగతి తరువాత చూద్దాం, ముందు రేడియేటర్ శుభ్రం చేయించి మంచి ఫ్యాన్ పెట్టించమన్నాను. ఎవరు చెప్పారని వాడు ఆశ్చర్యపోయాడు. నీ మేనకోడలేనన్నాను.

పార్ట్రిడ్జ్ గారిలా దారి చూపించేంత చదువు నాకు లేదు. కనీసం దారికి అడ్డం నిలబడకుండా ఉండగలను కదా! కౌన్సెలింగ్‌లో మొదటి గడిలో మెకానికల్ అనే రాసుకోమన్నాను. అది నా మొహంలోకి రెండుసార్లు చూసి, గబగబా వెళ్లి వాళ్ల నాన్నకి చెప్పింది. ఆయన్ని ఒప్పించే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది.