మార్టిన్ లూథర్

మార్టిన్ లూథర్ (నవంబరు 10, 1483 - ఫిబ్రవరి 18, 1546) జర్మనీకి చెందిన క్రైస్తవ వేదాంత పండితుడు, బైబిలు అనువాదకుడు, ప్రొటెస్టంటు మత సంస్కరణోద్యమానికి ఆద్యుడు. ఇతనిని అమెరికా పౌరహక్కుల నాయకుడైన మార్టిన్ లూథర్ కింగ్‌తో పొరబడరాదు.

మనుష్యుడు తన సత్క్రియల వలన గాక విశ్వాసం వలననే దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడతాడన్నది లూథర్ ప్రధాన బోధ. అట్లు రక్షణ పొందినవాడు ఆ తరువాత కూడా తన పాపాలను ఒప్పుకొనవలెనా అన్న ప్రశ్న ఇతని జీవితంలో పలుమార్లు ఎదురైనది. పాపాల ఒప్పుకోలును నిర్బంధంగా విధించడాన్ని ఇతడు ఖండించాడు. దానిని పూర్తిగా విడిచిపెట్టడాన్ని కూడా అంగీకరించలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

లూథర్ శాక్సనీ ప్రాంతంలోని ఐస్లెబెన్‌లో జన్మించాడు. తండ్రి హాన్స్ రాగి గనుల వ్యాపారి, తల్లి మార్గరెటె. 1501లో ఎర్ఫర్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, 1505లో పట్టభద్రుడయ్యాడు. కుమారుడు న్యాయవాది కావాలని తండ్రి కోరిక. అయితే 1505 జూలైలో ప్రయాణ మధ్యంలో పిడుగుపాటుకు భయపడి, సన్యాసిని అవుతానని లూథర్ మొక్కుకున్నాడు. రెండు వారాలలోనే ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. 1507లో గురుపట్టం పొందాడు.

మఠంలో పాపసంకీర్తనం

గురువు వద్ద పాపాలను చెప్పుకొని విమోచనం పొందడాన్ని కథోలిక సంఘంలో పాపసంకీర్తనం అంటారు. 1215లో జరిగిన నాలుగవ లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసి ఏడాదికి ఒకసారైనా ఈ విధిని నెరవేర్చాలని శాసించింది. జ్ఞాపకం ఉన్న ఘోరపాపాలన్నిటిని చెప్పడం ఇందులో ముఖ్యం.

లూథర్ ఈ నియమాన్ని అతి నిష్ఠతో పాటించాడు. గంటల తరబడి పాపాలు చెప్పుకొనేవాడు. తిరిగి వచ్చిన తరువాత మరొక పాపం గుర్తుకు వస్తే, ముందు పొందిన విమోచనం చెల్లదేమోనని కలత చెందేవాడు. అతని పై అధికారి యోహాన్ ఫాన్ ష్టౌపిట్జ్ తన పాపాలను గాక క్రీస్తును చూడమని అతనికి బోధించాడు. మనిషి తన పాపాలన్నిటిని ఎన్నటికీ లెక్కించలేడన్న సంగతి లూథర్‌కు ఈ అనుభవం వలన తెలిసినది.

1512లో వేదాంత పట్టా పొంది, విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బైబిలు బోధించాడు. 1515-16లో రోమీయులకు వ్రాసిన పత్రికపై చేసిన ఉపన్యాసాలలో, విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడు, పాపి కూడా అని వివరించాడు. క్రీస్తును బట్టి దేవుడు అతనిని నీతిమంతునిగా ఎంచుతాడు. అతని స్వభావంలో మాత్రం పాపం మరణం వరకు మిగిలే ఉంటుంది.

పాపపరిహార పత్రాల వివాదం

యోహాన్ టెట్జెల్ అనే సన్యాసి రోములోని సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణం పేరిట పాపపరిహార పత్రాలను విక్రయించాడు. సంఘ బోధ ప్రకారం ఇవి పాపానికి కలిగే తాత్కాలిక శిక్షను తగ్గించేవి మాత్రమే. కాని సామాన్యులు వీటిని కొంటే చాలు, పశ్చాత్తాపంతో పని లేదని భావించసాగారు. 1517 అక్టోబరు 31న లూథర్ 95 వాదాంశాలను ప్రకటించాడు. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలన్నది వాటిలో మొదటిది.

1520లో ఇతడు పోపు ఆజ్ఞాపత్రాన్ని దహనం చేశాడు. 1521 జనవరిలో సంఘం నుండి బహిష్కరింపబడ్డాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో వర్మ్స్ సభలో చక్రవర్తి 5వ చార్లెస్ ఎదుట తన రచనలను ఉపసంహరించుకొనుటకు నిరాకరించాడు.

విట్టెన్‌బర్గ్ ప్రసంగాలు

లూథర్ వార్ట్‌బర్గ్ కోటలో అజ్ఞాతంగా ఉండి క్రొత్త నిబంధనను జర్మను భాషలోకి అనువదించాడు. పాపసంకీర్తనాన్ని శాసించే అధికారం పోపుకు లేదని వాదిస్తూ ఒక గ్రంథం కూడా వ్రాశాడు. ఈలోగా విట్టెన్‌బర్గ్‌లో అతని సహచరుడు కార్ల్‌స్టాట్, ప్రభురాత్రి భోజనానికి ముందు ఒప్పుకోలు అవసరం లేదని ప్రకటించాడు. పట్టణంలో అలజడి రేగడంతో 1522 మార్చిలో లూథర్ తిరిగి వచ్చి, వరుసగా ఎనిమిది దినాలు ప్రసంగించాడు. చివరి ప్రసంగం ఒప్పుకోలును గురించినదే. దీనికి ఎవరినీ బలవంతపెట్టరాదని, అయితే దీని వలన తనకు కలిగిన ఆదరణను వదులుకోనని అందులో చెప్పాడు.

ఇతడు 1525లో మఠాన్ని విడిచి వచ్చిన కాథరీనా ఫాన్ బోరాను వివాహమాడాడు.

కాటెకిజములు

సంఘాలలోని అజ్ఞానాన్ని చూసి 1529లో లూథర్ చిన్న, పెద్ద కాటెకిజములను ప్రచురించాడు. దేవుని ఎదుట తెలిసిన పాపాలతో పాటు తెలియని వాటిని కూడా ఒప్పుకొనవలెనని, పరలోక ప్రార్థనలో విశ్వాసి చేసేది ఇదేనని చిన్న కాటెకిజం బోధిస్తుంది. బోధకుని ఎదుట మాత్రం తన మనస్సును బాధించే పాపాలను చెప్పుకుంటే చాలును. లూథర్ దృష్టిలో ఒప్పుకోలు రక్షణను సంపాదించే క్రియ కాదు. ఇదివరకే లభించిన క్షమను మరల వినడమే అందులో ప్రధానం. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన కూడా వ్యక్తిగత పాపవిమోచనాన్ని నిలుపుకొని, పాపాలన్నిటిని లెక్కించే నియమాన్ని తొలగించింది.

అగ్రికోలాతో వివాదం

లూథర్ శిష్యుడు, మిత్రుడు అయిన యోహాన్ అగ్రికోలా, క్రైస్తవులకు ధర్మశాస్త్రాన్ని బోధించనవసరం లేదని, పశ్చాత్తాపం సువార్త వలననే కలుగుతుందని వాదించాడు. విశ్వాసిలో పాపం మిగిలి ఉన్నంత కాలం దానిని ఎత్తిచూపే ధర్మశాస్త్రం కూడా అవసరమేనని లూథర్ 1537 నుండి వరుస వాదాంశాలతో జవాబిచ్చాడు. చిరకాల స్నేహం చెడి, 1540లో అగ్రికోలా బెర్లిన్‌కు వెళ్ళిపోయాడు.

చివరి దినాలు

1534లో లూథర్ సంపూర్ణ జర్మను బైబిలు వెలువడింది. రైతుల తిరుగుబాటును కఠినంగా అణచివేయాలని 1525లోను, యూదులను ద్వేషిస్తూ 1543లోను చేసిన రచనలు ఇతని కీర్తికి మచ్చగా నిలిచాయి. 1546లో తన జన్మస్థలమైన ఐస్లెబెన్‌లోనే మరణించాడు. విట్టెన్‌బర్గ్ కోట దేవాలయంలో సమాధి చేయబడ్డాడు.

ప్రభావం

1551లో ట్రెంట్ మహాసభ ఘోరపాపాలన్నిటిని గురువుకు చెప్పాలన్న కథోలిక నియమాన్ని మరల ధ్రువీకరించింది. లూథరన్ సంఘాలలో వ్యక్తిగత ఒప్పుకోలు కాలక్రమాన తగ్గి, ఆరాధనలో అందరూ కలిసి చేసే ఒప్పుకోలు వాడుకలోకి వచ్చింది.

మద్రాసులో పనిచేసిన మిషనరీ బెంజమిన్ షుల్ట్‌జ్ అనువదించిన చిన్న కాటెకిజం 1746లో జర్మనీలోని హాలే నగరంలో తెలుగులో అచ్చయింది. 1842లో గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ ఆంధ్ర ప్రాంతంలో లూథరన్ మిషనుకు పునాది వేశాడు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది.